విసుగు పనిలోనే వృత్తికి పునాది

పెనుగొండ, తణుకు, పాలకొల్లు, భీమవరం ప్రాంతాల్లో డిగ్రీ పూర్తిచేసిన యువతకు మొదట దొరికే ఉద్యోగాలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. బీకాం చదివినవారు రైస్ మిల్లులోనో, హోల్‌సేల్ దుకాణంలోనో, ఆడిటర్ ఆఫీసులోనో చేరి పొద్దస్తమానం ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఎక్కిస్తారు. బీఎస్సీ వారు ఆక్వా ల్యాబుల్లో రొయ్యల చెరువుల నీళ్లకు పీహెచ్, ఉప్పదనం, అమ్మోనియా పరీక్షలు చేస్తారు. కోతల కాలంలో ధాన్యం కొనుగోలు దగ్గర పని దొరికినవారు శాంపిల్ మీద శాంపిల్ తేమ చూసి రాస్తారు. నిన్న చేసిందే ఇవాళ, ఇవాళ చేసిందే రేపు. ఆరు నెలలు తిరిగేసరికి ‘ఇందుకేనా ఇంత చదివింది?’ అనే నిస్పృహ మొదలవుతుంది. దానికి వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో వినిపించే మందు ఒకటే: పాజిటివ్‌గా ఉండండి, నవ్వుతూ పనిచేయండి. ఆ మందు వారం రోజులు కూడా పనిచేయదు, ఎందుకంటే విసుగు ముఖంలో ఉండదు, పని అర్థం తెలియకపోవడంలో ఉంటుంది. చేస్తున్న పని చివరికి ఎవరికి చేరుతుందో తెలుసుకుని, ఆ తెలివిడితో కళ్లు తెరుచుకుని చేయడమే అసలైన సానుకూల దృక్పథం. అది పుట్టుకతో వచ్చే గుణమేమీ కాదు. నేర్చుకుంటే వచ్చే వృత్తి నైపుణ్యం.

ఇందుకు సాక్ష్యం కోసం దూరం వెళ్లక్కర్లేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్ట గడవడానికి బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. తర్వాత అక్కడే జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్కే దగ్గర ఆయనకు దొరికిన పరిశోధన కూడా చూసేవారికి చప్పగా కనిపించేదే: రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడం. ద్రావణాలు కలపాలి, నీలిరంగు వచ్చేదాకా ఆగాలి, ఆ రంగు గాఢతను పోల్చి అంకె రాసుకోవాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆ కొలతను సులభం, కచ్చితం చేస్తూ 1925లో వెలువడిన ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లోకి వెళ్లింది. అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. కండరాల నుంచి తీసిన ద్రావణంలో నీలిరంగు రావలసినంత త్వరగా రావడం లేదని వారు గమనించారు. విసుగ్గా చేసేవారైతే ‘ఏదో తేడా పడింది’ అని ఆ అంకెను పక్కన పడేసి ఉండేవారు. వీరు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో తేలికగా విడిపోయే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం 1927లో అలా బయటపడింది. 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించిన తొలివారిలోనూ వీరిద్దరూ ఉన్నారు. చేసిన కొలతే వందలసార్లు చేసిన మనిషికే మామూలు ఎలా ఉంటుందో తెలుస్తుంది. మామూలు తెలిసినవారి కంటికే తేడా ఆనుతుంది. అందుకే పునరావృతమయ్యే పని బుద్ధిని మొద్దుబారుస్తుందన్న మాట సగమే నిజం. శ్రద్ధ తోడైతే అదే పని చూపును పదునుపెడుతుంది.

‘ఆయన మేధావి, మాబోటివారికి అది ఎలా వర్తిస్తుంది?’ అనే ప్రశ్న రావడం సహజం. జవాబు కూడా ఆయన కథలోనే ఉంది. సుబ్బారావు 1940లో మందుల కంపెనీ లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లి అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం అందించిన మందుల్లో బోదకాలు వ్యాధికి వాడే డీఈసీ ఒకటి. గోదావరి జిల్లాలకు బోదకాలు ఎంత పాత శత్రువో చెప్పనక్కర్లేదు. ఆ మాత్ర రక్తంలో తిరిగే సూక్ష్మ క్రిములను చంపుతుంది గానీ పెద్ద పురుగులన్నింటినీ చంపలేదు. అవి ఏళ్లపాటు బతికి పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. కాబట్టి ఊరంతటికీ ఏటేటా, వరసగా కొన్నేళ్లు మాత్రలు పంచాలి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, వయసు అడిగి, గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు వంటివారిని మినహాయించి, మిగిలినవారితో కళ్లముందే మింగించి, రిజిస్టరులో రాసుకోవాలి. ఈ క్రిములు ఎక్కువగా రాత్రివేళే చర్మానికి దగ్గరి రక్తంలోకి వస్తాయి గనుక రక్త నమూనాలు రాత్రిపూట తీయాలి. ఆ స్లైడులను టెక్నీషియన్లు ఒక్కొక్కటిగా సూక్ష్మదర్శినిలో చూడాలి. ఇంతకన్నా విసుగైన పని ఏముంటుంది? అయినా పది ఇళ్లు వదిలేసి రిజిస్టరులో టిక్కు పెట్టేస్తే ఆ పది ఇళ్ల నుంచే దోమ మళ్లీ జబ్బును ఊళ్లోకి తెస్తుంది. హార్వర్డ్ స్థాయి మేధస్సు కనిపెట్టిన మందు మన ఊళ్లో ఫలించాలంటే ఎవరో ఒకరు గడప గడపా తొక్కాల్సిందే. మేధావి పనికీ మామూలు ఉద్యోగి పనికీ మధ్య గోడ లేదు, గొలుసు ఉంది.

ఈ గొలుసును చూడగలిగితే పనిలో తేడా వస్తుందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. మనస్తత్వవేత్త ఆడమ్ గ్రాంట్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, విశ్వవిద్యాలయానికి ఫోన్లలో విరాళాలు అడిగే ఉద్యోగులకు ఆ విరాళాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థిని కాసేపు కలిపించారు. నెల తర్వాత చూస్తే వారు ఫోన్ మీద గడిపిన సమయం, తెచ్చిన విరాళాలు రెండూ రెట్టింపు దాటాయి. జీతం పెరగలేదు, పని మారలేదు. అది ఎవరికి అందుతోందో తెలిసింది, అంతే. మన ఉద్యోగాలకూ ఇదే సూత్రం. జీఎస్టీ రిటర్నులో ఒక వ్యాపారి నంబరు చోట ఇంకొకరిది పడితే సరుకు కొన్నవారికి రావలసిన ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ ఆగిపోతుంది. ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదన్నది కొనుగోలు నిబంధన. ఆ అంకె చూసే మనిషి చేతిలో ఒక కుటుంబం పంట డబ్బు ఉంటుంది. చెరువు నీటి పరీక్ష ఫలితాన్ని నమ్మి రైతు ఆ రాత్రి ఏరేటర్లు తిప్పాలా వద్దా అని నిర్ణయించుకుంటాడు. చిట్టాలో ఏ రోజు లెక్క ఆ రోజే రాయాలన్న క్రమశిక్షణ వ్యాపార కుటుంబాలకు పేరుపడిన పెనుగొండలో కొత్తగా చెప్పాల్సిన మాట కాదు. ఆ రాతలోని నమ్మకం మీదే అప్పు పుడుతుంది, సరుకు కదులుతుంది.

అయితే బలమైన అభ్యంతరం ఒకటుంది. తక్కువ జీతానికి ఎక్కువ చాకిరీ చేయించుకోవడానికి ‘దృక్పథం’ అనే మాట యజమానులకు సాకు అవుతోందని చాలామంది అంటారు. ఇందులో నిజముంది. పనిని గౌరవించడం వేరు, అన్యాయాన్ని భరించడం వేరు. జీతం ఆలస్యమైతే అడగాలి, పనిగంటలు హద్దు దాటితే చెప్పాలి, ఎదుగుదల లేని చోటును వదలాలి. సుబ్బారావు కూడా ఎదుగుదల దక్కని హార్వర్డ్‌లోనే ఉండిపోలేదు. కాకపోతే వెళ్లేటప్పుడు తన నైపుణ్యాన్ని వెంట తీసుకెళ్లారు. అర్ధమనసుతో రెండేళ్లు పనిచేసి బయటికి వచ్చినవారి చేతిలో అనుభవ పత్రం తప్ప ఏమీ మిగలదు. ఇంకో అభ్యంతరం: ఎంత శ్రద్ధ ఉన్నా మెదడు అలసిపోదా? తప్పక అలసిపోతుంది. రాడార్ సిబ్బంది సమస్యను తీసుకుని మనస్తత్వవేత్త నార్మన్ మాక్‌వర్త్ జరిపి 1948లో ప్రచురించిన ప్రయోగాల్లో, మార్పులేని పనిలో మొదటి అరగంట దాటగానే సంకేతాలను పసిగట్టే శక్తి తగ్గిందని తేలింది. కాబట్టి మనోబలం ఒక్కటే చాలదు, పద్ధతి కావాలి. పనిని భాగాలుగా విడగొట్టుకోవాలి, మధ్యలో లేచి నాలుగడుగులు వేయాలి, రాసింది మరొకరితో సరిచూపించుకోవాలి. కంప్యూటర్లు ఇలాంటి మామూలు పనులన్నీ లాగేసుకుంటాయన్న భయానికీ ఈ సరిచూసుకోవడంలోనే సమాధానం ఉంది. ఎక్కించే పని యంత్రానికి పోయినా, తప్పు ఎక్కడ దూరుతుందో తెలిసినవారు సరిచూసే పనికి కావాలి. ఆ తెలివి చేత్తో చేసినవారికే వస్తుంది.

ఇప్పుడు ఉద్యోగంలో చేరబోతున్నవారు మొదటి నెలలోనే మూడు పనులు చేయండి. మీరు నింపే కాగితం మీ తర్వాత ఎవరి బల్ల మీదికి వెళుతుందో, తప్పుంటే ఎవరికి నష్టమో అడిగి తెలుసుకోండి. మీ తప్పులను ఒక నోటుబుక్కులో రాసుకుని వారానికోసారి చూడండి, ఒకే రకం తప్పు తిరిగివస్తుంటే పద్ధతి మార్చండి. ప్రతి పనిలో సమయాన్నో తప్పులనో తగ్గించే చిన్న మార్పు ఒకటి కనిపెట్టి పైఅధికారికి చెప్పండి. రేపు ఇంటర్వ్యూలో ‘ఏం చేశారు?’ అని అడిగితే ‘బిల్లులు ఎక్కించాను’ అనే అభ్యర్థి కన్నా ‘బిల్లుల్లో ఈ తప్పు పదే పదే వస్తోందని గమనించి ఇలా ఆపాను’ అనే అభ్యర్థికే ఉద్యోగం దక్కే అవకాశం ఎక్కువ. ఆ వాక్యం చెప్పగలిగే అర్హతను మీ ఇవాళ్టి పనిలోనే సంపాదించుకోండి.