ఇల్లు నీ పేర రాయనివ్వకు

తెనాలి

చిరంజీవి శ్రీనుకి మేనత్త ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వడిగినదానికి నేను మాట దాటేశాను. మీ నాన్న పక్కనే కూర్చుని వింటున్నాడు మరి. ఇల్లు నీ పేర సెటిల్మెంటు రాసేస్తానని వాడి పట్టు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని నీ మొహమాటం. నా మాట విని, రాయనివ్వకు.

నీ మీద అనుమానంతో అంటున్న మాట కాదురా. సెటిల్మెంటు రిజిస్టరైతే ఇక ఇల్లు నీదే. వరండాలో కుర్చీ జరపాలన్నా మీ నాన్నకి నీ ముఖం చూడాలనిపిస్తుంది. వీలునామా అయితే వాడు పోయాకే అమల్లోకొస్తుంది, ఈలోపు మనసు మారితే తిరగరాసుకోవచ్చు. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని, తీరా చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించుకునే వీలు తల్లిదండ్రుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం 23వ సెక్షనులో ఉంది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునలూ ఉంది. కానీ కన్నకొడుకు మీద కాగితం పట్టుకుని ఆ మెట్లెక్కడానికి ఎంతమంది తండ్రులకి మనసొస్తుంది?

వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు, చేయిస్తే నిశ్చింత. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాలి. ఆస్తి దక్కేవాళ్ళని సాక్షులుగా పెట్టకండి, రేపు తగువొస్తే అందరూ ముందు వేలు పెట్టేది ఆ సంతకం మీదే. మీ చెల్లికి ఏమివ్వాలో మీ నాన్న నోటే రానీ. నువ్వు అందివ్వకు.

ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటరులో కూర్చున్నదాన్ని. ఒకావిడ మొగుడు పక్షవాతంతో తెలివి తప్పి ఆస్పత్రిలో ఉంటే, ఆయన పాస్‌బుక్కు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. డబ్బుంది, ఖాతా ఆయన ఒక్కడి పేరనే ఉంది. చెయ్యి వణికేవాళ్ళ దగ్గర వేలిముద్ర తీసుకునే పద్ధతుంది గానీ, తెలివిలో లేని మనిషి వేలు పట్టుకుని ఎలా వేయిస్తాం? "నామినీని నేనేగా అమ్మా" అంది. ఆయన బతికుండగా నామినీకి హక్కు రాదని ఆవిడకి నేనే చెప్పాల్సొచ్చింది. ఆ రోజు అన్నం సహించలేదు నాకు. మీ నాన్న ఖాతాలోనూ, ఫిక్సుడు డిపాజిట్లలోనూ మీ అమ్మ పేరు చేర్పించు. 'ఈదర్ ఆర్ సర్వైవర్' అని రాయిస్తే ఖాతాలో ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. ఈ పనికి వాడి సంతకం కావాలి, ఇప్పుడైతే సంతకం చక్కగా పెడుతున్నాడు.

వాడికి 73 నిండాయి కదా, వయ్ వందన కార్డు తీయించు. 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. 70 నిండితే చాలు, ఆదాయం ఎంతని అడగరు. ఆస్పత్రిలో చేరితే ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత వైద్యం. ఆ 5 లక్షలూ ఇంట్లో 70 నిండినవాళ్ళందరికీ కలిపి. మన ఊళ్ళో, గుంటూరులో ఆ కార్డు ఎక్కడ చెల్లుతుందో ముందే కనుక్కో. అంబులెన్సు ఎక్కాక కనుక్కునే సంగతి కాదు.

ఇంకోటి. పోయిన నెల వాడి మందుల డబ్బా సర్దుతుంటే ఒకే బీపీ మాత్ర రెండు కంపెనీల పేర్లతో కనబడింది. ఇద్దరు డాక్టర్లు రాశారు, వీడు బుద్ధిగా రెండూ మింగుతున్నాడు! లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంటే వయసు మీద నెట్టేశాం అందరం. ఈసారి మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి ఒకే డాక్టరు బల్ల మీద కుమ్మరించు. బాత్‌రూములో పట్టుకునే కడ్డీలు నేనే పెట్టిస్తాను, వాడితో వాదించే ఓపిక నాకుంది.

మీ చెల్లి గురించి నువ్వడగలేదు. నెలనెలా డబ్బు పంపుతున్నావు, కాదనను. రాత్రి రెండింటికి మీ అమ్మ ఆయాసపడితే లేచేది అది. ఆ పిల్ల సినిమాకెళ్ళి ఎన్నాళ్ళయిందో అడిగావా? బెంగుళూరు నుంచి ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఏడాదికి రెండుసార్లు పదేసి రోజులు ఇక్కడుండి, దాన్ని పిల్లలతో ఎక్కడికైనా పంపించు. మందుల వేళలు నీకూ తెలుస్తాయి.

నేనూ వీలునామా రాసుకుంటున్నాను. సాక్షులుగా ఎదురింటి మాస్టారినీ, ఆయన బావమరిదినీ అడిగాను. నిన్ను పిలవలేదని అలగకు, ఎందుకు పిలవలేదో పైన రాశాను.

మీ అత్త