వయోజన విద్య - వృత్తి శిక్షణ

చేతిలో పని ఉన్నంత మాత్రాన శ్రమకు తగిన ఫలం దక్కదు. ఇంటిపట్టున జరీ పని చేసే స్త్రీ ఎంత నేర్పరియైనా, గుత్తేదారు వ్రాసిన పద్దును చదువలేనప్పుడు అతడు చెప్పినదే లెక్క అవుతుంది. అట్లే, జీవనోపాధికి తోడ్పడని అక్షరాలను పెద్దలు త్వరలోనే మరచిపోతారు. కావున ఈ రెండింటినీ జోడించుట అవసరం.

ఈ ఉద్దేశంతోనే 1967లో బొంబాయిలో తొలి శ్రామిక విద్యాపీఠం వెలసినది. ఈ విద్యాపీఠాలే 2000లో జన శిక్షణ సంస్థానములైనవి. 1978 అక్టోబరు 2న ఆరంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15-35 ఏండ్ల నిరక్షరాస్యులకు అక్షరాస్యత, వృత్తి సామర్థ్యం, సామాజిక చైతన్యం కలిగించ నుద్దేశించినది. 1979లో గ్రామీణ యువజనుల స్వయం ఉపాధికై 'ట్రైసెం' శిక్షణ పథకం వచ్చినది. కాని చదువు ఒక శాఖది, శిక్షణ మరొక శాఖది అయినది.

కుట్టుపని నేర్పుచోట కొలతలు, ధరలు, రసీదులే వాచకం కావలెను. ఉర్దూ మాతృభాషగా గలవారికి తొలిపాఠం ఉర్దూలోను, తరువాత కచేరీ వ్యవహారాలకు తెలుగులోను చెప్పవలెను. శ్రమించిన చేయి తన పద్దును తానే వ్రాసుకొన్ననాడే వయోజన విద్య సార్థకమగును.