తాతయ్య అడిగిన పదో రోజు

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మనవరాలు ఫోన్ చేసి అడిగింది ఒక్క ప్రశ్నే: "తాతయ్యా, గంగోత్రికి ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?" రాజమండ్రిలో ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన ఆయన "ఆలోచించి చెప్తానమ్మలూ" అని ఫోన్ పెట్టేశారు. మర్నాడు సాయంత్రం ఆమె వాట్సాప్‌లోకి వరసగా ఏడు ఫొటోలు దిగాయి. రూళ్ల కాగితాల మీద నీలం సిరాతో రాసిన ఉత్తరం. "చి.ల.సౌ. అమ్మలుకు తాతయ్య ఆశీర్వదించి రాసేది" అని మొదలు.

అంతకుముందే ఆమె తన ప్లాను పంపించి ఉంది. శనివారం విమానంలో డెహ్రాడూన్, ఆదివారం చీకటిపడేలోగా గంగోత్రి, సోమవారం తెల్లవారుజామున, భాగీరథి మంచులోంచి పుట్టే గోముఖ్‌కి నడక, బుధవారం ఇంటికి. వీలైతే మధ్యలో కేదార్‌నాథ్ కూడా. ఉత్తరం మొదటి పేజీలోనే కేదార్‌నాథ్ మీద అడ్డగీత పడింది. "కొండల్లో రెండు లోయలంటే రెండు ఊళ్ల మాట కాదు. ఒకటి దిగి మళ్లీ ఇంకొకటి ఎక్కాలి. ఆ రెండు రోజులూ బస్సు కిటికీకి ఇస్తావా, గంగోత్రికి ఇస్తావా?"

గంగోత్రి ఉత్తరకాశీ జిల్లాలో భాగీరథి ఒడ్డున, సముద్రమట్టానికి దాదాపు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో గూర్ఖా సేనాని అమర్‌సింగ్ థాపా కట్టించాడని చెప్పే గుడి, దాని చుట్టూ ఆశ్రమాలు, హోటళ్లు, దుకాణాలు, అంతే. అక్షయ తృతీయకు గుడి తలుపులు తీస్తారు, దీపావళి మర్నాడు మూస్తారు. చలికాలమంతా గంగమ్మ ఉత్సవ విగ్రహం హర్సిల్ దగ్గరి ముఖబా గ్రామంలో ఉంటుంది. అమ్మవారే కిందికి దిగిపోయే ఊరికి, ఎక్కే పద్ధతి తెలుసుకోకుండా వెళ్లకూడదన్నది తాతయ్య వాదన.

ఆయన ఈ వాదనకు ఊరికే రాలేదు. 1994 అక్టోబరులో ఇద్దరు తోటి మాస్టర్లతో కలిసి వెళ్లారు. దసరా సెలవులు తక్కువని రిషికేశ్ నుంచి ఎక్కడా ఆగకుండా గంగోత్రి చేరి, మర్నాడు తెల్లవారుతూనే నడక మొదలుపెట్టారు. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో చీర్‌బాసా వచ్చేసరికి తల పగిలిపోతున్నట్టుంది, కడుపులో ఏదీ నిలవలేదు. ఒక మాస్టారు ఆయన్ని పట్టుకుని వెనక్కి నడిపించారు. మూడో ఆయన ఒక్కడే గోముఖ్ చూసొచ్చి, రైల్లో రెండు రోజులూ దాని గురించే చెప్పాడట. "ఆయన చెప్పినంత సేపూ నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను" అని రాశారు తాతయ్య. ఈ సంగతి ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

అప్పుడాయనకు తెలియని లెక్క ఇప్పుడు మనవరాలికి అరపేజీ నిండా వేసి చూపించారు. 2,500 మీటర్లు దాటాక ఎత్తు ఒంటికి పడకపోవడం మొదలవుతుంది. 3,000 దాటాక, నిన్న నిద్రపోయిన చోటు కంటే ఇవాళ నిద్రపోయే చోటు 300 నుంచి 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదని వైద్యులు చెప్తారు. గంగోత్రి తర్వాత రాత్రి ఆగే భోజ్‌బాసా సుమారు 3,800 మీటర్లు. అంటే ఒక్క పూటలో ఏడు వందలు. తగ్గించే దారి లేదు కాబట్టి కింద ఎక్కువ రాత్రులు గడపాలి. 1,150 మీటర్ల దగ్గరుండే ఉత్తరకాశీలో ఒక రాత్రి, 2,600 దాటిన హర్సిల్‌లో ఒకటి, గంగోత్రిలో రెండు. తలనొప్పితో పాటు వాంతులో, అడుగు తడబడడమో కనిపిస్తే ఇంకో అడుగు పైకి వద్దు, కిందికి దిగడమే మందు. డయామాక్స్ మాత్రల సంగతి ఫ్యామిలీ డాక్టరుని అడగాలి, సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ మాట ముందే చెప్పాలి. "నీకు ఇరవై ఏడేళ్లే, రోజూ జిమ్‌కి వెళ్తావు. దానికీ దీనికీ సంబంధం లేదు. మీ తాత కూడా అప్పట్లో గోదావరి ఈదినవాడే."

గంగోత్రిలో రెండో రోజు ఊరికే కూర్చోమని కాదు. ఊళ్లోనే సూరజ్ కుండ్ దగ్గర భాగీరథి రాతిని తొలుచుకుంటూ దూకుతుంది, అది చూడాలి. ఆ తర్వాత తప్పకుండా వెళ్లాల్సిన చోటంటూ ఆయన ఎర్ర సిరాతో గీత గీసిన పేరు ఒకటి ఉంది: తపోవనం హిరణ్యగర్భ ఆర్ట్ గ్యాలరీ. దాన్ని నెలకొల్పిన స్వామి సుందరానంద మన నెల్లూరు జిల్లాలో 1926లో పుట్టిన మనిషి. స్వామి తపోవన్ మహరాజ్ శిష్యుడై గంగోత్రిలో కుటీరం వేసుకుని, అర్ధ శతాబ్దానికి పైగా కెమెరా భుజాన వేసుకుని ఆ మంచుకొండలన్నీ తిరిగారు. తీసిన ఫొటోలు దాదాపు లక్ష. 2020లో కన్నుమూశారు. ఫలానా ఏడు మంచు ఎక్కడిదాకా ఉంది, ఫలానా ఏడు ఎక్కడికి జరిగింది అన్నది ఒకే మనిషి, ఒకే చోట ఉండి, దశాబ్దాల పాటు పట్టుకున్న సాక్ష్యం అది. "భక్తుడు కెమెరా పడితే ఇంత పనికొస్తాడని నేను క్లాసులో చెప్పలేకపోయాను, అప్పటికి నాకే తెలీదు" అని వాపోయారు మాస్టారు.

ఆ ఫొటోలు చూసి వెళ్తే గోముఖ్ దగ్గర నిరాశ ఉండదట. చాలామంది పాలరాతి ముద్దలాంటి మంచును ఊహించుకుని వెళ్లి మొహం వేలాడేస్తారు. దాదాపు 30 కిలోమీటర్ల పొడవున్న గంగోత్రి హిమానీనదం తన మీదా లోపలా కొండరాళ్లు మోసుకుంటూ వస్తుంది కాబట్టి, అది ముగిసే చోట బూడిద రంగు గోడలా ఉంటుంది. దాని అడుగునుంచి వచ్చే నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, మందంగా కనిపిస్తాయి. మంచు రాతిని నూరిన పిండి అది. గోడ దగ్గరికి వెళ్లి సీసా నింపుకోవాలన్న మోజు వద్దు. ఎండెక్కితే పైనుంచి మంచుదిమ్మలు చెప్పాపెట్టకుండా విరిగిపడతాయి.

దారిలో కొన్ని బండల మీద ఏళ్లు రాసి ఉంటాయి. ఆ ఏడు మంచు అక్కడిదాకా ఉండేదని గుర్తు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కొలతల ప్రకారం 1935 నుంచి 1996 దాకా అది 1,147 మీటర్లు వెనక్కి జరిగింది, ఏడాదికి దాదాపు 19 మీటర్లు. పావుగంట నడక దూరం. తాతయ్య అడిగిన ఒకే ఒక కానుక ఇక్కడ ఉంది: గంగాజలం వద్దు, అలాంటి బండ పక్కన నిలబడి, వెనక మంచు ఎంత దూరాన ఉందో కనబడేలా ఒక ఫొటో.

గోదావరి మనిషి కదా, పోలిక రాకుండా ఉంటుందా? త్ర్యంబకం కొండల్లో మంచు లేదు, కాబట్టి మన నదికి వరద వానల్లోనే, ఆగస్టులో. భాగీరథికి ఎండాకాలంలో రోజూ ఒక చిన్న వరద. పొద్దున్న గడ్డకట్టినట్టు సన్నగా పారే వాగు, ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి ఉబ్బుతుంది. దారిలో పక్క వాగులు దాటే పని ఉదయమే ముగించాలనడానికి కారణం ఇదీ. బడిపిల్లలకు చెప్పినట్టు బొమ్మ వేసి మరీ చూపించారు.

గది విషయంలో ఆయన మాట కాస్త కటువుగానే ఉంది. గంగోత్రికి కొంచెం కిందున్న ధరాలీలో 2025 ఆగస్టు 5న ఖీర్ గఢ్ వాగు బురదా బండరాళ్లూ మోసుకొచ్చి నిమిషాల్లో బజారునూ హోటళ్లనూ ముంచేసింది. నిటారు కొండల మధ్య వాగు నదిలో కలిసే చోట చదునైన జాగా కనబడితే, దాన్ని చదును చేసింది పాత వరదలే. హోటలు కట్టడానికి అనువైన స్థలమూ అదే కావడం దురదృష్టం. గది ఎంత చవకైనా, కిటికీలోంచి వాగు ఎంత అందంగా కనబడినా, దాని నోటికెదురుగా దిగొద్దు. జూలై, ఆగస్టుల్లో అసలు వద్దు: కొండచరియలు ఒకవైపు, శ్రావణంలో గంగాజలం కోసం వచ్చే కావడి యాత్రికుల రద్దీ ఇంకోవైపు. సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు సగం దాకా ఆకాశం తేటగా ఉంటుంది, హర్సిల్‌లో ఆపిల్ పళ్లూ దొరుకుతాయి. రాత్రి మాత్రం చలి ఎముకల్లోకి దిగుతుంది.

కాగితాల సంగతి: చార్‌ధామ్ యాత్రకు పేరు నమోదు, అది కాక గంగోత్రి నేషనల్ పార్కులోకి అటవీశాఖ అనుమతి. గోముఖ్ వైపు రోజుకు 150 మందినే వదులుతారు, అందుకని ముందే తీసుకోవాలి. ఫోన్ పలకని చోట డిజిటల్ చెల్లింపు పనిచేయదు కాబట్టి చేతిలో నోట్లు ఉండాలి.

భోజ్‌బాసా పేరు భూర్జవృక్షం మీద వచ్చింది. పూర్వం తాళపత్రాల్లాగే రాయడానికి వాడిన బెరడు ఆ చెట్టుదే. వంటచెరకు కోసం నరికి నరికి అడవి పలచబడిపోతే, పర్వతారోహకురాలు హర్షవంతి బిష్ట్ అక్కడ మళ్లీ భూర్జ మొక్కలు పెంచే పనికి పూనుకున్నారు. ఆ మొక్కల మధ్య చలిమంట వేసేవాళ్ల పక్కన కూర్చోవద్దని ఒక ముక్క కలిపారు.

ఆఖరి పేజీ అమ్మమ్మ చెప్పి రాయించినట్టుంది. ఆ ఎత్తున నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేని చోట పప్పు ఎంతసేపటికీ మెదగదు, అన్నం పలుకుగానే ఉంటుంది. అది వంటవాడి తప్పనుకుని పోట్లాడకుండా, కందిపొడి, ఉసిరికాయ పచ్చడి వేరే సంచిలో పెట్టుకోవాలట.

మనవరాలు ఏడు పేజీలూ రెండుసార్లు చదివింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, తొమ్మిది రోజులకు సెలవు చీటీ పెట్టి, దాని ఫొటో తాతయ్యకు పంపింది. రాజమండ్రి నుంచి గంటలోపే జవాబు వచ్చింది, ఈసారి సిరా లేదు, ఫోన్‌లోనే ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టినట్టున్నారు:

"పది చెయ్యి. రోడ్డు మూసేస్తే ఆ రోజు ఎక్కడుంటావు?"