సమస్య – సలహా: నేవీ టెక్నీషియన్, పైలట్ లైసెన్సు, ఇంటి డబ్బు

సమస్య

విశాఖపట్నం ఐఎన్‌ఎస్ డేగలో హెలికాప్టర్ల నిర్వహణ చూసే ఒక పెట్టీ ఆఫీసర్ గురించి ఆయన భార్య రాసిన ఉత్తరంలోని సమస్య ఇది. ఆమె గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరిదీ శ్రీకాకుళం జిల్లా. పాప ఐదో తరగతి. భర్త ఇంటర్ ఎంపీసీ కాగానే నేవీలో చేరారు. ఒడిశాలోని చిలికాలో తొలి శిక్షణ, కొచ్చిలోని నేవల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోనాటికల్ టెక్నాలజీలో ట్రేడ్ శిక్షణ పూర్తిచేసి, అప్పటి నుంచీ ఎయిర్ ఇంజినీరింగ్ పనిలోనే ఉన్నారు. పదిహేనేళ్ల తొలి ఒప్పందం వచ్చే ఏడాది ముగుస్తుంది. కావాలంటే పొడిగింపు అడగవచ్చు, వద్దనుకుంటే పింఛనుతో బయటికి రావచ్చు.

మనిషికి తాగుడు, పేకాట లాంటి అలవాట్లేవీ లేవని ఆమే రాశారు. ఆయన ధ్యాసంతా యంత్రాల మీదే. 2024 జూన్‌లో యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లకు డేగలో వీడ్కోలు పలికిన రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. షోకేసు నిండా ఆయన చేత్తో అతికించిన విమానాల నమూనాలే. సెలవు రోజు కంప్యూటర్లో ఫ్లైట్ సిమ్యులేటర్. ఇంతవరకు ఆమెకు బాధ లేదు. వరుసగా కొన్నేళ్లు వార్షిక సెలవులన్నీ వేరే రాష్ట్రంలోని ఫ్లయింగ్ క్లబ్బులో గడిపి, పై అధికారుల అనుమతితోనే ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నారు. అందుకు ఆమె బంగారం కుదువకు వెళ్లింది. ఇప్పుడు ఉద్యోగం వదిలేసి, వచ్చే మొత్తమంతా పెట్టి కమర్షియల్ పైలట్ అవుతానంటున్నారు. ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలం కూడా అమ్మాలట. వద్దంటే, “నువ్వు నన్నెప్పుడూ నేల మీదే చూశావు” అంటారట. చిన్న విమానం ప్రమాదం కాదా, ఈ వయసులో ఆ ఉద్యోగం వస్తుందా, మనసు నొప్పించకుండా కాదని ఎలా చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

సలహా

ఈ ఇంటి గొడవలో డబ్బు, భయం, అభిమానం మూడూ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయాలంటే ముందు ఆయన పగలంతా చేసే పని ఏమిటో తెలియాలి. చాలా నేవీ కుటుంబాల్లో ఈ సంగతి ఇంటిదాకా రాదు.

సముద్రం మీద తిరిగే హెలికాప్టర్‌కు మొదటి శత్రువు ఉప్పు. అలల మీద తక్కువ ఎత్తులో ఎగిరి వచ్చిన ఇంజిన్‌లో ఉప్పు పేరుకుంటుంది. అందుకే దిగిన తరువాత మంచినీటితో కంప్రెసర్‌ను కడుగుతారు. గేర్‌బాక్స్ తొడుగులు బరువు తగ్గడానికి చాలా వరకు మెగ్నీషియం మిశ్రమంతో చేస్తారు. ఆ లోహానికి ఉప్పుగాలి బొత్తిగా పడదు. రంగు పెచ్చు లేచిన చోటల్లా గీకి, పూత పూసి, మళ్లీ చూడాలి. గేర్‌బాక్స్ నూనెలో ఒక అయస్కాంతపు ప్లగ్ ఉంటుంది. లోపల పళ్లు అరుగుతుంటే లోహపు నలుసులు దానికి అంటుకుంటాయి. ఆ ప్లగ్ విప్పి, వెలుతురుకు పెట్టి, అంటుకున్నది మామూలు పొడా, విరిగిన ముక్కా అని తేల్చడం టెక్నీషియన్ కంటికి పరీక్ష.

యూహెచ్-3హెచ్ లాంటి సీకింగ్ తరగతి హెలికాప్టర్ పెద్ద రోటర్‌కు ఐదు రెక్కలు. ఒక్కో రెక్కకు వెన్నెముక లాంటి లోహపు గొట్టంలో ఒత్తిడితో నైట్రోజన్ నింపి ఉంచుతారు. ఎక్కడైనా సన్నని పగులు వస్తే వాయువు కారిపోతుంది, రెక్క మొదట్లో ఉన్న చిన్న సూచిక రంగు మార్చి ఆ సంగతి చెబుతుంది. ఎగిరే ముందు ఎవరో ఒకరు ఐదు సూచికలనూ చూసి తీరాలి. కంట్రోల్ రాడ్డు లాంటి ప్రాణాధారమైన భాగం విప్పి బిగిస్తే, బిగించినవారి సంతకం ఒక్కటీ చాలదు. సంబంధం లేని మరొకరు వచ్చి స్ప్లిట్ పిన్ను, లాక్‌వైరు చూసి సంతకం పెట్టాలి. షిఫ్టు దిగేముందు స్పానర్ల పెట్టెలో ప్రతి సామానూ దాని గూట్లో ఉండాలి. ఒక్కటి తగ్గినా, దొరికేదాకా ఆ హెలికాప్టర్ కదలదు.

దాదాపు పదిహేనేళ్లు ఇలా బతికిన మనిషికి ఒక యంత్రం పోతే అన్నం సహించకపోవడంలో వింతేమీ లేదు. 2007లో జలాశ్వ నౌకతో పాటు వచ్చిన ఆ యూహెచ్-3హెచ్‌లు 17 ఏళ్లు సేవ చేశాయి. ఒక్కో యంత్రం ఎక్కడ మూలుగుతుందో, ఏ బోల్టు మొండికేస్తుందో వాటిని చూసుకున్నవారికే తెలుసు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు నౌకాదళ హెలికాప్టర్లు మేడల మీది జనానికి ఆహార పొట్లాలు జారవిడిచాయి. టీవీల్లో కనబడింది పైలట్లే. ఆ యంత్రాలను తెల్లవారేసరికి సిద్ధం చేసి నిలబెట్టిన చేతులు ఎవరికీ కనబడలేదు. భర్త పనిలో ఇంత ఉందని ఇంట్లో ఎవరూ గుర్తించకపోతే, గుర్తింపు కోసం ఆయన కాక్‌పిట్ వైపే చూస్తారు. “నేల మీదే చూశావు” అన్న మాటకు మూలం బహుశా ఇదే. ఆమె ఆయన పని గురించి ఒక సాయంత్రం నింపాదిగా అడిగి వినడం మంచిది. డిసెంబర్ 4 నేవీ డే సందర్భంగా ఆర్.కె. బీచ్‌లో విన్యాసాలు జరిగిన ఏడాది వాటికి పాపను తీసుకువెళ్తే, పైన తిరిగే హెలికాప్టర్లలో నాన్న చెయ్యి పడినవి ఏవో ఆయనే చూపించగలరు.

ఇక చిన్న విమానం సంగతి. ప్రైవేటు పైలట్ లైసెన్సు ఊరికే వచ్చేది కాదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండో తరగతి వైద్య పరీక్ష నెగ్గాలి. విమానయాన చట్టాలు, దారి లెక్కలు, వాతావరణ శాస్త్రం, విమానం, ఇంజిన్ మీద పరీక్షలు రాయాలి. కనీసం 40 గంటలు ఎగరాలి. ఒక్కరే కూర్చుని 150 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 278 కిలోమీటర్లకు తగ్గని ప్రయాణం చేసి, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగాలి. సెలవుల్లో ముక్కలు ముక్కలుగా నేర్చుకుని ఇవన్నీ పూర్తిచేశారంటే ఆయన పట్టుదలను మెచ్చుకోవాల్సిందే. అయితే ఈ లైసెన్సుతో జీతం తీసుకుని విమానం నడపకూడదు. ఇది పూర్తిగా సొంత సంతోషానికి ఇచ్చే అనుమతి. సంసారంలో దాని స్థానం కూడా అదే.

ప్రమాదం గురించి ఆమె భయాన్ని కొట్టిపారేయడం తప్పు. చిన్న విమానం ఎయిర్‌లైన్ విమానమంత భద్రమైనది కాదు. కానీ చిన్న విమానాల ప్రమాదాల్లో ఎక్కువ భాగం యంత్రం చెడిపోవడం వల్ల జరిగేవి కావు, పైలట్ నిర్ణయాల వల్ల జరిగేవే. మబ్బులోకి దూరడం, ఇంధనం లెక్క తప్పడం, తక్కువ ఎత్తులో విన్యాసాలు చేయడం, ఎలాగైనా ఇంటికి చేరాలన్న తొందర. యంత్రం వైపు నుంచి చూస్తే హెలికాప్టర్ టెక్నీషియన్ మామూలు క్లబ్బు పైలట్ కంటే జాగ్రత్తపరుడు. సెస్నా రెక్క కింది నుంచి ఇంధనాన్ని చిన్న పారదర్శకమైన గొట్టంలోకి వంచి, అడుగున నీటి బొట్టు ఉందేమో అని వెలుతురుకు ఎత్తి చూడటం అందరూ నేర్చుకునేదే. ఆయన దాన్ని గేర్‌బాక్స్ ప్లగ్గును చూసే కంటితోనే చూస్తారు. రన్‌వే ఎక్కేముందు, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే రెండు మాగ్నెటోలనూ ఒక్కొక్కటిగా ఆపి, ఇంజిన్ వేగం ఎంత పడిందో చదివేటప్పుడు ఆ పడటానికి కారణం కూడా ఆయనకు తెలుసు.

ఆయనకు కొత్తది ఆకాశం. హ్యాంగర్‌లో అనుమానం వస్తే పని ఆపి పై అధికారిని పిలవవచ్చు. గాలిలో అనుమానం వస్తే నిర్ణయం ఒక్కరిదే, అదీ నిమిషాల్లో తీసుకోవాలి. యంత్రం బాగుందన్న నమ్మకం వాతావరణం మీదికి పాకడమే టెక్నీషియన్ పైలట్‌కు ఉన్న ముప్పు. కనుక ఆమె “ఎగరొద్దు” అనే బదులు షరతులు అడగడం మేలు. వర్షాకాలంలో వద్దు. నెలల తరబడి విరామం వస్తే ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక గంట ఎగిరి, ఆ తరువాతే ఒంటరిగా. పాపను ఎక్కించుకోవడం అనుభవం పెరిగాకే, అదీ తల్లి ఒప్పుకుంటేనే. ఇవి పైలట్‌ను అవమానించే మాటలు కావు. నిబంధనలు కూడా ప్రయాణికులను ఎక్కించుకోవడానికి ముందు ఇటీవలి అనుభవం ఉండాలనే అంటాయి.

ఆమె రెండో ప్రశ్నకు సమాధానం కటువుగానే చెప్పాలి. ఉద్యోగం వదిలి, స్థలం అమ్మి కమర్షియల్ పైలట్ కావాలన్న ఆలోచన ఈ కుటుంబానికి తగినది కాదు. వయసు అడ్డం కాదు, చట్టం 65 ఏళ్ల దాకా ఎగరనిస్తుంది. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నాయి కనుక చదువూ అడ్డం కాదు. అడ్డం డబ్బు, ఆపైన ఉద్యోగం. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, మొదటి తరగతి వైద్య పరీక్ష నెగ్గాలి. హెలికాప్టర్ పక్కన గడిపిన పదిహేనేళ్లలో ఒక్క గంట కూడా ఆ లెక్కలోకి రాదు. చిన్న విమానం అద్దె గంటకు పది వేలు దాటుతుంది, రెండు ఇంజిన్ల విమానానికైతే ఇంకా ఎక్కువ. ఆపైన ఎయిర్‌బస్ మీదో ఏటీఆర్ మీదో టైప్ రేటింగ్‌కు, అంటే ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హతకు, విడిగా లక్షలు పోయాలి. ఇన్ని అయ్యాక కూడా లైసెన్సు చేతపట్టుకుని పిలుపు కోసం ఏళ్లు ఎదురుచూస్తున్న కుర్రాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. వాళ్లలో చాలామందికి వెనక తల్లిదండ్రుల సంపాదన ఉంది. ఈయన వెనక ఉన్నది టీచరు జీతం, ఎదుగుతున్న పాప, కుదువలో ఉన్న బంగారం.

మరో దారి ఉంది, అది ఆయన చేతుల్లోనే ఉంది. పౌర విమానయానంలో యంత్రం ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే అధికారం ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్‌ది. డీజీసీఏ కార్-66 నిబంధనల కింద ఇచ్చే ఈ లైసెన్సులో బీ1.3 విభాగం టర్బైన్ ఇంజిన్ల హెలికాప్టర్లకు సంబంధించినది. ఏవియానిక్స్ వాళ్లకు బీ2. గణితం, భౌతికశాస్త్రం మొదలుకొని రోటర్ సిద్ధాంతం, గేర్‌బాక్సులు, మానవ తప్పిదాల దాకా మాడ్యూళ్లుగా పరీక్షలు ఉంటాయి. పుస్తకం కొత్తగా అనిపించినా, అందులోని సంగతుల్లో సగం ఆయన రోజూ చేతితో చేస్తున్నవే. దేశంలో హెలికాప్టర్ పని తక్కువేమీ లేదు. 1985లో ఏర్పడిన పవన్‌హంస్ సంస్థ ముఖ్యంగా ఓఎన్‌జీసీ సముద్ర రిగ్గుల కోసం పుట్టింది. ఈనాటికీ నడి సముద్రపు రిగ్గుల మీదికి మనుషులను చేర్చేవి హెలికాప్టర్లే. కేదార్‌నాథ్ లాంటి యాత్రాస్థలాలు, వైద్య సహాయం, ముఖ్యమంత్రుల పర్యటనలు, అన్నిటికీ అవే. ఉప్పుగాలిలో పదిహేనేళ్లు పనిచేసిన అనుభవం రిగ్గులకు ఎగిరే సంస్థకు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి ఒక చిక్కు ఉంది. పరీక్షలు బయటికి వచ్చాక రాయవచ్చు, కానీ పని అనుభవానికి రుజువులు సర్వీసులో ఉండగానే సేకరించుకోవాలి. ఏ హెలికాప్టర్ మీద, ఏ తేదీన, ఏ పని చేశారో, ఎవరి పర్యవేక్షణలో చేశారో రాసి, అధికారి చేత ధ్రువీకరించిన లాగ్‌బుక్ కావాలి. ఆ అధికారులు మరో స్థావరానికి బదిలీ అయిపోయాక వెతుక్కుంటూ తిరగడం నరకం. మాడ్యూల్ పరీక్షలు మొదలుపెట్టి, చేతిలో కొన్నయినా పడేదాకా పొడిగింపు అడగడమే తెలివైన పని. పింఛను ఎటూ పోదు, పెరుగుతుంది కూడా.

మనసు నొప్పించకుండా చెప్పడానికి ఆమె కాగితం, కలం ముందు పెట్టుకోవాలి. స్థలం అమ్మకం, పింఛను, గ్రాట్యుటీ, పాప చదువు, తల్లిదండ్రుల మందులు, అన్నీ ఇద్దరూ కలిసి రాయాలి. టెక్నీషియన్ ముందు అంకెలు పెడితే వాదించరు, లెక్క చూస్తారు. ముందుగా కుదువలోని బంగారం విడిపించాలి, స్థలాన్ని ముట్టుకోకూడదు. ఆ తరువాత ఏటా ఎగరడానికని ఒక చిన్న మొత్తం ఆయన పేరనే పక్కన పెట్టాలి. ఆ డబ్బుకు ఆమె లెక్క అడగకూడదు, అది దాటితే ఆయన ఎగరకూడదు. సరదాకు ఇంట్లో ఒప్పుకున్న చోటు దొరికితే, దాన్ని ఉద్యోగంగా మార్చి నిరూపించుకోవాల్సిన అవసరం ఆయనకు ఉండదు.

మిగిలింది బీమా. వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీల్లో చాలావాటిలో, టికెట్ కొన్న ప్రయాణికుడిగా తప్ప మరో విధంగా విమానంలో ఉంటే పరిహారం ఇవ్వబోమన్న షరతు ఉంటుంది. ఆయన పాలసీలన్నీ తీసి ఆ షరతు ఉందో లేదో చదవాలి. జీవిత బీమా సంస్థకు ప్రైవేటు పైలట్ అన్న సంగతి రాతపూర్వకంగా తెలియజేసి, అవసరమైతే అదనపు ప్రీమియం కట్టి రసీదు తీసుకోవాలి. క్లబ్బు విమానానికి ఉన్న బీమా పైలట్‌కు వర్తిస్తుందా లేదా అన్నది క్లబ్బువాళ్లను అడిగి కాగితం మీద తెచ్చుకోవాలి. ఈ మూడూ అయ్యేదాకా తరువాతి విమానం బుక్ చేయకుండా ఆపమని ఆమె అడగవచ్చు. ఆ మాట కాదనడానికి ఆయన దగ్గర కారణం ఉండదు.