అవ్వ మాటను దిద్దొద్దు

రాయచెర్లు

చిరంజీవి పాపకు,

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివినాను. రెండోసారి మీ అవ్వకు చదివి వినిపించినాను. మొదటి పేజీ అయ్యేలోపలే ఆమె "ఎవురి కత ఇది?" అనింది. నీ కథేనమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఈ జాబు.

"సస్యశ్యామలమైన తన పొలాన్ని తలచుకొని అవ్వ విలపించింది" అని రాసినావు. మన చేను ఏనాడు సస్యశ్యామలంగా ఉండిందమ్మా? వాన పడితే శెనక్కాయ, పడకుంటే అప్పు. పావగడ కరువు తెలిసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. అది నువ్వు చూసింది కాదు, ఎక్కడో చదివింది. చేను సోలారు పార్కుకు ఇచ్చినప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను. ఏడవలేదు. కంచె పడినాక ఒక సాయంత్రం అక్కడికి పోయి, తీగె పట్టుకొని నిలబడి, "ఈ మూలనే గొర్రు తిప్పేది మీ నాయన" అనింది. ఇంటికొచ్చి పొయ్యి అంటించింది. అంతే. ఆ మూల నీ కథలో ఉంటే చాలు, విలపించడంతో పనిలేదు.

తిరుమణి, వల్లూరు, బలసముద్ర, క్యాతగానచెర్లు, మన రాయచెర్లు, ఈ ఐదూళ్ళ భూముల్లో సుమారు 13,000 ఎకరాల పార్కు, 2,050 మెగావాట్లు అని కథ మొదట్లోనే పెట్టినావు. నిజమే. కానీ నీ కథకు కావలసిన అంకె వేరే ఉంది: మొదట్లో ఎకరాకు ఏడాదికి ఇచ్చిన 21,000 రూపాయల కౌలు. ఆ డబ్బు భూమి ఉన్నవాళ్ళ చేతికే వస్తుంది. మన చేలో కలుపు తీసి, గట్ల మీది గడ్డితో మేకల్ని సాకుకున్న ఆడమనిషికి ఆ లెక్కలో చోటు లేదు. నీ కథలోనూ లేదు. కౌలు అందుకునే ఇల్లాలూ, కూలి పోయిన ఆమే ఒకే కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న పొద్దును రాయి. తప్పెవరిదని నువ్వు తీర్పు చెప్పొద్దు.

ఇక భాష. బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు, అందుకే నీ తెలుగు సరైనది కాదేమోనని జంకుతున్నావు. అవ్వ 'బేజారు' అంటే నువ్వు 'విసుగు' అని దిద్దినావు. ఆమె బేజారులో విసుగుతోపాటు మనసు బాగాలేకపోవడమూ ఉంది, అది పోయింది. నువ్వు కన్నడంలో చదివిన బేంద్రేనే చూడు. ఇంటి భాష మరాఠీ, కవిత్వం కన్నడం. 1973లో ఆయనకు జ్ఞానపీఠం తెచ్చిన పుస్తకం పేరు 'నాకు తంతి'. నాలుగు అనడానికి గ్రంథాల్లో రాసే 'నాల్కు' పెట్టలేదు, జనం పలికే 'నాకు' పెట్టినాడు. తెలుగులో నామిని చిత్తూరు పల్లె మాటతో, స.వెం. రమేశ్ పులికాట్ ఒడ్డు మాటతో రాసినారు. 'ప్రళయకావేరి కథలు' తెప్పించుకొని చదువు. వాళ్ళ యాసను ఎత్తుకు రావద్దు. తమ ఊరిని వాళ్ళు ఎంత ఓపికగా విన్నారో గమనించు.

యాసనంతా కుమ్మరించమని కూడా నేననను. ప్రతి మాటా పలికినట్టే రాస్తే చదివేవాళ్ళు అక్షరాలకు తట్టుకొని కథ వదిలేస్తారు. అవ్వ మాట్లాడినప్పుడు అవ్వ మాట ఉండనీ. కథ నడిపేటప్పుడు, నాతో ఫోనులో మాట్లాడతావే, ఆ తెలుగు చాలు. రాసింది గట్టిగా చదువుకో, నోరు తడబడిన చోట గీత పెట్టి మళ్ళీ రాయి.

నేను పంతులుగా ఉన్నన్నాళ్ళూ పిల్లల ఇంటి మాటల్ని ఎర్రసిరాతో కొట్టేసినాను. ఎంతమంది నోళ్ళు మూయించినానో అని ఇప్పుడు బాధగా ఉంటుంది. నీ మాటను నీ చేత్తోనే కొట్టేసుకోవద్దమ్మా.

ఉగాదికి వచ్చినప్పుడు రెండు రోజులు ఎక్కువ ఉండు. ఫోను లోపల పెట్టి అవ్వ పక్కన కూర్చో. కథ తిరగరాసి పంపు, ఆమెకే చదివి వినిపిస్తాను.

మీ పెదనాయన