పత్రాలు లేని చిప్‌ను చదవడం ఎలా?

సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రానిక్స్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పని తగులుతుంది. రాసినవాళ్లు వెళ్లిపోయి ఏళ్లయింది. డాక్యుమెంట్ లేదు, ఉన్నా అది పాత వెర్షన్‌ది. సిస్టమ్ మాత్రం నడుస్తూనే ఉంది. దాన్నిప్పుడు కొత్తదానితో కలపాలి. "కాస్త చూడండి" అంటూ మేనేజర్ ఒక ఫోల్డర్ పంపేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వారం గడిచిపోతుంది.

ఇలాంటి పనికి ఒక పద్ధతి ఉంది. అది నేర్చుకోవడానికి పాత వీడియో గేమ్ కాట్రిడ్జ్‌లో కూర్చున్న ఒక చిప్ కథ చాలా బాగా పనికొస్తుంది.

1996లో జపాన్‌లో ఎనిక్స్ కంపెనీ 'స్టార్ ఓషన్' అనే గేమ్‌ను నింటెండో సూపర్ ఫామికామ్ కోసం విడుదల చేసింది. కాట్రిడ్జ్ సైజు 48 మెగాబిట్లు, అంటే 6 మెగాబైట్లు. ఆ మెషిన్‌కు వచ్చిన అతి పెద్ద కాట్రిడ్జ్‌లలో అదొకటి. అయినా బొమ్మలన్నీ అందులో పట్టలేదు. అందుకని బొమ్మల డేటాను కుదించి పెట్టి, దాన్ని విప్పడానికి ఎస్-డీడీ1 అనే చిప్‌ను కాట్రిడ్జ్‌లోనే అమర్చారు. గేమ్ బొమ్మ డేటాను వీడియో మెమొరీకి పంపమని అడిగిన క్షణంలోనే చిప్ మధ్యలో దూరి, విప్పిన డేటాను అందిస్తుంది. ఈ చిప్ వాడిన రెండో గేమ్ 'స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా 2'. మరే గేమ్‌లోనూ ఇది లేదు.

ఆ గేమ్‌లను కంప్యూటర్ మీద ఆడించే ఎమ్యులేటర్లు రాసేవాళ్లకు ఇక్కడే చిక్కొచ్చింది. కాట్రిడ్జ్‌లోని డేటా అంతా చేతిలో ఉంది. దాన్ని విప్పే సూత్రం మాత్రం చిప్ లోపలే ఉండిపోయింది. ఆండ్రియాస్ నాయివ్ అనే పేరుతో పనిచేసిన పరిశోధకుడు ఆ ముడి విప్పాడు. దాని ఆధారంగా 2003లో సీ భాషలో కోడ్ తయారై ఎమ్యులేటర్లలో చేరింది. ఈ పని నడిచిన తీరులో ఉద్యోగస్తులు పట్టుకోదగ్గవి ఐదున్నాయి.

తాత్కాలిక మందు వేరు, చికిత్స వేరు

సూత్రం దొరికేదాకా గేమ్ ఆడేవాళ్లు ఆగరు కదా. అందుకని అసలు చిప్ విప్పి ఇచ్చిన బొమ్మలను ఫైళ్లుగా దాచి, వాటిని 'గ్రాఫిక్స్ ప్యాక్' పేరుతో ఎమ్యులేటర్‌కు జతచేశారు. గేమ్ ఫలానా చోటి డేటా అడిగితే, ముందే విప్పి ఉంచినదాన్ని తీసి ఇవ్వడమే. లెక్కలేమీ చేయనక్కర్లేదు. అయితే ప్యాక్‌లో లేని డేటా అడిగితే అది చేతులెత్తేస్తుంది.

ఆఫీసులోనూ ముందు ఇలాంటి ఏర్పాటు చేసి పని ఆగకుండా చూడండి. పాత సిస్టమ్ ఇచ్చే జవాబులను ఒక పట్టికలో పెట్టి వాడుకోండి. అది తాత్కాలికమని టికెట్‌లో స్పష్టంగా రాయండి, ఎప్పుడు తీసేస్తారో కూడా రాయండి. ఇందులో ఇంకో లాభం ఉంది. ఈ ఇన్‌పుట్ ఇస్తే ఈ అవుట్‌పుట్ వచ్చిందని చెప్పే జతలు పోగవుతాయి. రేపు మీ ఊహను పరీక్షించేది వాటితోనే.

తెలిసిన వైపు నుంచి రండి

బాగా కుదించిన డేటాను ఎంతసేపు చూసినా చెల్లాచెదురు అంకెల్లాగే కనిపిస్తుంది. అందులోని పోలికలన్నీ పిండేయడమే కదా కుదించడమంటే. దాన్ని చూస్తూ కూర్చుంటే చీకట్లో రాయి విసిరినట్టే. కాబట్టి బయటికొచ్చే వైపు నుంచి మొదలుపెట్టాలి. సూపర్ ఫామికామ్ బొమ్మలు 8×8 చుక్కల చిన్న గళ్లుగా ఉంటాయి. 16 రంగుల గడికి 32 బైట్లు కావాలి. ఒక్కో చుక్క రంగు నాలుగు బిట్లు. ఆ నాలుగూ ఒకే చోట ఉండవు, బిట్‌ప్లేన్లు అనే వేర్వేరు పొరల్లో ఉంటాయి. ఇదంతా అందరికీ తెలిసిన సంగతే.

ఇప్పుడు తయారుచేసినవాళ్ల బుర్రతో ఆలోచించండి. బొమ్మలో పక్కపక్క చుక్కలు ఎక్కువగా ఒకే రంగులో ఉంటాయి. కాబట్టి పక్క బిట్లను బట్టి రాబోయే బిట్‌ను ఊహించవచ్చు. ఎస్-డీడీ1 చేసేది సరిగ్గా అదే. ప్రతి పొరలో అప్పటికే బయటికొచ్చిన ఇరుగుపొరుగు బిట్లను చూసి, వాటిని బట్టి రాబోయేది సున్నానా ఒకటా అని అంచనా కడుతుంది. అంచనా వరసగా నిజమైతే ఆ వరస మొత్తాన్ని ఒకే ఒక్క బిట్‌తో చెప్పేస్తుంది. తప్పితే, ఎక్కడ తప్పిందో చెప్పడానికి మరికొన్ని బిట్లు ఖర్చుపెడుతుంది. దీన్ని గోలోంబ్ కోడింగ్ అంటారు. ఒక్కో సందర్భంలో అంచనా ఎంత నమ్మదగిందో గుర్తుంచుకుని, అనుభవాన్ని బట్టి మార్చుకుంటూ పోతుంది. ప్రతి డేటా ముక్కలోనూ మొదటి నాలుగు బిట్లు అమరిక చెప్పేవి. వాటిలో రెండు బిట్లు పొరల తీరును, మిగతా రెండూ ఏ పొరుగు బిట్లను చూడాలో సూచిస్తాయి.

మీ పనిలోనూ ఇంతే. తెలియని ఫైల్ ముందు కూర్చున్నప్పుడు బైట్లు లెక్కపెట్టే ముందు, ఈ ఫైల్ ఎవరి అవసరం కోసం పుట్టిందని అడగండి. జీతాల ఫైలైతే అందులో ఉద్యోగి నంబరు, తేదీ, మొత్తం ఉండి తీరాలి. వాటిని వెతకడం తేలిక.

తయారుచేసినవాళ్ల ఇల్లు చూడండి

ఎవరూ శూన్యంలోంచి చిప్ చేయరు. ఎస్-డీడీ1లోని పద్ధతి రికో కంపెనీ రూపొందించిన ఏబీఎస్ అనే ఎంట్రోపీ కోడింగ్ పద్ధతిని అనుసరించిందని తేలింది. ఆ కాలంలో ఆ కంపెనీ ఏ పేటెంట్లు తీసుకుంది, ఏ పేపర్లు ప్రచురించింది, దాని మిగతా ఉత్పత్తులు ఎలా పనిచేస్తాయి అన్నవి వెతకడం రివర్స్ ఇంజినీరింగ్‌లో సగం పని. పేటెంట్ పత్రాలను ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. మన ఇంజినీర్లలో చాలామంది ఆ అలవాటు చేసుకోరు.

అయితే ఒక తాళంచెవి అన్ని తాళాలకూ పట్టదు. 1995 చివర్లో వచ్చిన 'తెంగై మాక్యో జీరో'లో ఎప్సన్ వారి ఎస్‌పీసీ7110 చిప్ ఉంది. అదీ బొమ్మలను విప్పేదే, అదీ పొరుగు డేటాను చూసి అంచనా కట్టేదే. కోడింగ్ తీరు మాత్రం వేరు. ఎస్-డీడీ1 గుట్టు తెలిసిపోయినా, దీన్ని విప్పడానికి మళ్లీ విడిగా కష్టపడాల్సి వచ్చింది.

మొదటి తేడా దగ్గర ఆగండి

ఈ తరహా పద్ధతుల్లో ప్రతి అడుగూ ముందు అడుగు మీద ఆధారపడుతుంది. ఒక్క బిట్ తప్పితే అక్కడి నుంచి అంతా తప్పే. కాబట్టి 'తొంభై శాతం సరిపోయింది' అన్న మాటకు అర్థం లేదు. మీ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను అసలు అవుట్‌పుట్ పక్కన పెట్టి, మొదట ఏ బిట్ దగ్గర విడిపోయిందో చూడండి. తర్వాతి తేడాలను పట్టించుకోకండి. ఆ మొదటి స్థానం ముందుకు జరిగితే మీ ఊహ మెరుగైనట్టు. వెనక్కి వస్తే మార్పును రద్దు చేయండి.

అసలు పరికరం చేతిలో ఉంటే ఇంకా మంచిది. మామూలు డేటాతో పాటు అన్నీ సున్నాలు, అన్నీ ఒకట్లు, ఒక్క బిట్ మార్చిన డేటా ఇచ్చి చూడండి. ఒక్కో ప్రయోగానికీ ఒకే ప్రశ్న ఉండాలి. ఏం ఇచ్చారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది అన్న మూడూ ఎప్పటికప్పుడు రాసిపెట్టండి.

రాయండి, పేర్లు చెప్పండి

నాయివ్ తన పనిని కోడ్‌గా ఇచ్చి ఊరుకోలేదు, అల్గారిథమ్‌ను విడి పత్రంగా రాశాడు. అసలు చిప్ నుంచి డేటా తీసి ఇచ్చిన మనిషికీ, మొదట్లో సరైన దారిలో కొన్ని అడుగులు వేసిన నెవిక్స్‌టీ అనే మరో పరిశోధకుడికీ, అంతకుముందు ఈ సమస్యతో కుస్తీ పట్టినవాళ్లందరికీ రుణపడి ఉన్నానని చెప్పాడు. ఆ పత్రం, ఆ కోడ్ ఆధారంగానే బ్రాడ్ జోర్ష్ సీ కోడ్ రాశాడు. మంచి డాక్యుమెంట్‌కు పరీక్ష అదే. మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇంకొకరు దాన్ని చూసి కోడ్ రాయగలగాలి.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52 చూడండి. చట్టబద్ధంగా చేతికొచ్చిన ప్రోగ్రామ్‌ను, స్వతంత్రంగా రాసిన మరో ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయించడానికి కావాల్సిన సమాచారం మరోచోట సులువుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకోవడానికి అది వీలిస్తుంది. ప్రోగ్రామ్ వెనకున్న ఆలోచనను తెలుసుకోవడానికి దాని పనితీరును గమనించి పరీక్షించడాన్ని కూడా ఒప్పుకుంటుంది. చిప్ డిజైన్‌ల విషయంలో 2000 నాటి సెమీకండక్టర్ లేఅవుట్ డిజైన్ చట్టం శాస్త్రీయ విశ్లేషణకు, పరిశోధనకు, బోధనకు మినహాయింపు ఇచ్చింది. కానీ మీరు సంతకం పెట్టిన ఉద్యోగ ఒప్పందం, లైసెన్స్ షరతులు, పేటెంట్లు వేరే సంగతి. పని మొదలుపెట్టే ముందే కంపెనీ లీగల్ విభాగం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అనుమతి నోటిమాటగా ఉంటే, రేపు అవసరమైనప్పుడు దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఎంబెడెడ్, చిప్ వెరిఫికేషన్, మాల్వేర్ విశ్లేషణ, పాత డేటా మైగ్రేషన్ పనుల్లో చేరాలనుకునేవాళ్లకు ఈ నైపుణ్యం నేరుగా అక్కరకొస్తుంది. సాధన కోసం ఆఫీసు సిస్టమ్ జోలికి పోనక్కర్లేదు. డాక్యుమెంట్ బహిరంగంగా ఉన్న ఒక పాత ఫైల్ ఫార్మాట్‌ను ఎంచుకుని, డాక్యుమెంట్ చూడకుండా విప్పడానికి ప్రయత్నించండి. చివర్లో రెండూ పోల్చి చూడండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ కోడ్‌తో పాటు మీ ప్రయోగాల చిట్టా కూడా పట్టుకెళ్లండి. మీరు ఎలా ఆలోచిస్తారో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఎక్కువగా తెలిపేది ఆ చిట్టాయే.