తెరచాప పడవలో బరువు ఎక్కడ ఉండాలి? తాడు ఎంత బిగించాలి?



పోయిన వేసవి సెలవులలో మన స్కూలు నుండి కొందరం హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ శిక్షణకు వెళ్ళివచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. అప్పటినుండి డార్మిటరీలో అందరూ ఒకటే అడుగుతున్నారు. "ఇంజను లేదు, తెడ్డు లేదు. గాలి అందరికీ ఒకటే. మరి ఒకరి పడవ ముందు, ఇంకొకరిది వెనక ఎందుకు ఉంటది?" ఇంకొందరేమో "మేము బక్కగా ఉన్నం, మాతోటి కాదు" అని ఈసారి పేర్లే ఇవ్వడం లేదు. ఈ రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

పడవ సంగతి

మేము నడిపిన పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం దీనిని తయారుచేశాడు. ముందుభాగం కోసుగా కాక తొట్టిలాగా మొండిగా ఉంటుంది. పొడవు సుమారు 2.3 మీటర్లు, వెడల్పు 1.1 మీటర్లు. కొయ్యలు, తెరచాప లేకుండా ఉత్త పడవ బరువు 35 కిలోలు. 15 ఏళ్ళ వరకు పిల్లలు ఒక్కొక్కరే దీనిని నడుపుతారు.

ఇప్పుడు ఒక లెక్క. 40 కిలోల పిల్లవాడు ఇందులో కూర్చుంటే పడవకంటే మనిషి బరువే ఎక్కువ! బస్సులో ఒకరు సీటు మారితే బస్సుకు తెలియదు. ఇందులో మాత్రం జానెడు జరిగినా పడవకు తెలిసిపోతుంది. కనుక మొదట నేర్చుకోవలసింది కూర్చోవడమే.

1. ముందు, వెనక

బాగా వెనక కూర్చుంటే పడవ వెనకభాగం నీళ్ళలో దిగబడుతుంది. వెనక గుడగుడ శబ్దం వస్తుంది. నీళ్ళు పడవను పట్టి గుంజుతున్నాయన్నమాట. గాలి తక్కువగా ఉన్నప్పుడు ముందుకు జరిగి మధ్య అడ్డుపలక దగ్గర కూర్చోవాలి. వెనకభాగం తేలి శబ్దం ఆగిపోతుంది. వెనకనుండి గట్టి గాలి తోసేటప్పుడు మాత్రం వెనక్కి జరగాలి. లేకపోతే ముందుభాగం అలలోకి దూరి నీళ్ళు లోపలికి వస్తాయి.

2. పక్కలు

గాలి తెరచాపను నెడితే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన పడవ తనంతట తానే గాలి వైపు తిరగబోతుంది. దానిని ఆపడానికి చుక్కానిని లాగి పట్టుకోవాలి. అడ్డంగా తిరిగిన చుక్కాని బ్రేకు వేసినట్లే. పైగా నీళ్ళలోకి దించిన డాగర్‌బోర్డ్ అనే పలక కూడా ఏటవాలు అవుతుంది. దానికి పట్టు తగ్గి పడవ పక్కకు జారుతుంది. అందుకే కోచ్ సారు రోజూ "పడవను చదునుగా ఉంచండి" అని అరిచేవారు.

చదునుగా ఉంచడానికి గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చుని, పాదాలు లోపలి పట్టీ కింద పెట్టి, వీపును నీటి పైకి వాల్చాలి. దీనిని హైకింగ్ అంటారు. మన ఫిజిక్స్ పుస్తకంలోని బల భ్రామకమే ఇది: బరువును దూరంతో గుణించాలి. ఉదాహరణకు, 40 కిలోల వాడి బరువు పడవ నడిమి గీతకు 0.5 మీటర్ల దూరంలో ఉంటే 20 వస్తుంది. 30 కిలోల వాడు బాగా వాలి తన బరువును 0.7 మీటర్ల దూరానికి తీసుకుపోతే 21 వస్తుంది. చూశారా, ఎవరు గెలిచారో!

3. తెరచాప సర్దడం

తెరచాపను మాస్ట్‌కు, అంటే నిలువు కొయ్యకు, చిన్న చిన్న తాళ్ళతో కడతారు. మధ్యలో సందు 10 మిల్లీమీటర్లు మించకూడదని నియమం. తెరచాప పై చివరి మూలను ఎత్తి పట్టే ఏటవాలు కర్ర పేరు స్ప్రిట్. అడుగున ఉండే అడ్డకర్ర బూమ్.

స్ప్రిట్ బిగువు సరిగ్గా ఉందో లేదో గుడ్డ మీది ముడతే చెబుతుంది. మాస్ట్ పై మూలనుండి బూమ్ చివరి వైపు ముడత పడితే స్ప్రిట్ వదులు. పై చివరి మూలనుండి మాస్ట్ కింది మూలకు ముడత పడితే అతి బిగువు.

బూమ్ చివర తాడు వదులు చేస్తే తెరచాప కడుపు నిండుగా ఉబ్బుతుంది, బలం ఎక్కువ వస్తుంది. బిగిస్తే చదునై బలం తగ్గుతుంది. మాస్ట్ పైకొనను వెనక్కి వాలిస్తే పడవ గాలి వైపు తిరగాలని చూస్తుంది, ముందుకు తెస్తే ఆ గుణం తగ్గుతుంది. చుక్కాని పట్టుకున్న చేతికి కొద్దిపాటి లాగుడు మాత్రమే తెలియాలి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండూ మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

4. బక్కవాళ్ళకు ఒక మాట

బరువుకు తగ్గట్టు తెరచాపను సర్దుకోవడమే ఈ విద్య. గాలి తక్కువ ఉన్న రోజు తేలికవాళ్ళ పడవ నీళ్ళలో తక్కువ మునిగి చురుగ్గా పోతుంది. గాలి గట్టిగా ఉన్న రోజు వాళ్ళు తెరచాపను బిగించి చదును చేసుకుని, బాగా వాలి కూర్చోవాలి. బరువైనవాళ్ళు కడుపు నిండుగా ఉంచుకున్నా ఆపుకోగలరు.

పెద్దవాళ్ళు నడిపే లేజర్ పడవలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. పడవ ఒకటే, తెరచాపలు మూడు: సుమారు 4.7, 5.7, 7 చదరపు మీటర్లు. మనిషి బరువును బట్టి ఎంచుకుంటారు. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ మధ్య సైజు తెరచాపతో 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. కాబట్టి బరువు చూసుకుని పేరు ఇవ్వకుండా ఉండకండి.

5. మన ఊరి పడవ

సెలవులకు ఇంటికి పోతూ వాగు, గోదావరి నాటు పడవలో దాటేవాళ్ళు మనలో ఉన్నారు. దానికి తెరచాప లేకపోయినా బరువు సూత్రం ఒకటే. ఒడ్డు రాగానే అందరూ లేచి ఒకే పక్కకు రావద్దు. నిలబడితే బరువు పైకి పోయి పడవ త్వరగా ఒరుగుతుంది. మూటలు అడుగున, మధ్యలో పెట్టాలి. లైఫ్ జాకెట్ ఉంటే తప్పక వేసుకోవాలి. చిన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ మాట మనమే చెప్పాలి.

చేసి చూద్దాం

నీళ్ళ తొట్టిలో సబ్బు పెట్టె తేలనివ్వండి. నాలుగు గులకరాళ్ళు మధ్యలో పెట్టి వేలితో మెల్లగా నెట్టండి. తరువాత రాళ్ళను వెనకకు, ఆపైన ఒక పక్కకు మార్చి అంతే బలంతో నెట్టండి. ఎంత దూరం పోయిందో, తిన్నగా పోయిందో లేదో రాసుకోండి. (తొట్టి నీళ్ళు పారబోయకండి, వార్డెన్ సారు చూస్తారు!)

ప్రశ్నలు

1. పడవ వెనక గుడగుడ శబ్దం వస్తే ఎటు జరగాలి?
2. 32 కిలోల అమ్మాయి, నడిమి గీతకు 0.6 మీటర్ల దూరంలో ఉన్న 36 కిలోల అబ్బాయితో సమానం కావాలంటే ఎంత దూరం వాలాలి?

జవాబులు చీటీ మీద రాసి ఆదివారంలోగా గోడపత్రిక కింది డబ్బాలో వేయండి. ఈసారి శిక్షణకు వెళ్ళదలచినవాళ్ళు అదే చీటీ వెనక పేరు రాయండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి